పదహారు చుట్ల పంచాయతి

సిరిసిల్ల,
నవంబర్ 4, 2024

తోడబుట్టకున్నా తమ్ముడివైన గులాం నబీకి,

సత్తక్క చెప్పంగ కోడలు శ్రీలత రాస్తున్న ఉత్తరం. మేమంతా మంచిగున్నం. నువ్వూ మరదలు మహమూదా మంచిగున్నరనే అనుకుంటున్న. అనుకునుడే గాని తెలిసే తొవ్వ లేదు, నువ్వు ఫోన్ ఎత్తవు గదా.

పదకొండుసార్లు చేసిన. మోగి మోగి ఆగిపోతది. చదువురాని ఆడిదానికి ఫోనే దిక్కు, నోరుంటే చాలు. నువ్వేమో "రేడియో ముచ్చట ఫోన్ల చెప్తే తప్పులు దొర్లుతయి, కాగితం మీద ఉండాలె అక్కా" అని చీటీ పంపినవ్. నీకేం, చదువుకున్నోనివి, నడుస్తది. నాకు ఒక్కొక్క మాటకు కోడలి కాళ్లు పట్టుకోవాలె. (ఈ ముక్క రాయనన్నది. రాయమన్న. నేను కాళ్లు పట్టుకునేదాన్ని కాదని దానికీ తెలుసు.) వాట్సాప్‌ల పంపుదామంటది శ్రీలత. దాంట్ల పంపితే నువ్వు బొటనవేలు బొమ్మ పెట్టి ఊకుంటవు. అందుకే ఉత్తరం.

నేను కట్టిన రేడియో సెట్టు బస్సు కార్గోల పంపి ఇరవై రోజులాయె. ముట్టిందని రాసినవ్, గంతే. పరీక్ష చేసినవా, స్క్రూలు సరిజేసినవా, ఏమన్నా పలుకుతుందా, ఒక్క ముక్క లేదు.

ఇదంతా నాకు ఎవరు అంటగట్టిన్రో యాది చేస్త. నిరుడు మా వాడకట్టుల పెండ్లికి అచ్చినవ్. నేను ఇంటిముందు కూసొని నూలు రంగులు ఏరుతున్న. రెండు నీలాలు, చూస్తే ఒక్కతీరే ఉంటయి, చీర నేసినంక గాని తేడా తెల్వదు. నేను చేతుల పట్టంగనే వేరు చేస్తుంటే నువ్వు నవ్వినవ్. "అక్కా, రేడియోల ఉండే రెసిస్టర్ల మీద గూడా రంగుల గీతలే ఉంటయి. అక్షరం అక్కర్లేదు, నీ అసుంటోళ్లు కట్టొచ్చు" అన్నవ్. తీసుకరా అన్న. నువ్వు మజాక్ చేసినవ్. నేను చెయ్యలేదు.

సంచెడు సామాను పంపినవ్, రంగు పెన్సిళ్లతో బొమ్మలు గీసి పుస్తకం పంపినవ్. ఏడు నెలలు కూసున్న. గోధుమ, నలుపు, నారింజ ఒకచోట. పసుపు, ఊదా, ఎరుపు ఇంకోచోట. కొన్నిటి మీద అంకెలుంటయి, అంకెలు నాకు వస్తయి, బస్సుల మీద చూసి నేర్చుకున్న. సీసం కరిగించేటప్పుడు మూడు వేళ్లు కాల్చుకున్న. ఎర్ర ఉంగరాలు రెండు, ఒక్కొక్కదానికి సన్న తీగ పదహారు చుట్లు. కొసలకు బ్లేడుతోటి పూత గీకి అతికిన. ఏ ఒక్కటి నాకు ఇంకొకరు చెయ్యలేదు.

డిసెంబర్ ఎనిమిది ఆదివారం జగిత్యాలల ఇంట్ల నుంచే ఊరూరికి మాట్లాడుకునే మీ హామ్ రేడియో క్లబ్బోళ్లు ఇండ్లల్ల కట్టిన సెట్లు చూపిస్తరన్నవ్. లైసెన్సున్న అనుభవస్తుడు పరీక్ష చేసి చీటీ రాసిస్తేనే పనిచేసే సెట్ల బల్ల మీద పెడతరన్నవ్. ఆ అనుభవస్తుడివి నువ్వే. నాకు లైసెన్సు లేదు, రాదు, దానికి పరీక్ష రాయాలె. సరే, గాలిలకు సప్పుడు పంపేది మీరే పంపున్రి. కట్టింది మాత్రం నేను. ఆ బల్ల మీద నా పేరు ఉండాలె.

ఏమైందో రాయి. మంచిదైనా చెడ్డదైనా రాయి.

పని చేసుకుంటనే నీ జవాబుకు ఎదురుచూసే
సత్తక్క

* * *

కోరుట్ల,
నవంబర్ 9, 2024

చిన్నప్పటి సంది నన్ను తిట్టే హక్కున్న సత్తక్కకు, సలాం.

మీ ఉత్తరం ముట్టింది. శ్రీలత చేతిరాత ముత్యాలలాగ ఉంది, తిట్లు గూడా ముద్దుగనే కనపడ్డయి.

అక్కా, వరుసగ చెప్తా. మొదలు బ్యాటరీకి కలిపేటప్పుడు మధ్యల మీటరు పెట్టిన, ఎంత కరెంటు తాగుతుందో చూడనీకి. పుస్తకంల ఎంత రాసి ఉందో అంతే తాగింది. పొగ రాలేదు. నా జిందగీల నేను కట్టిన మొదటి సెట్టు పొగ పెట్టింది, మా అబ్బాజాన్ బకెట్ నీళ్లు తెచ్చి పోసిండు. నీది పెట్టలేదు. నీ అతుకులు చూసి మా దుకాణానికి వచ్చే మెకానిక్ ఒకాయన "ఇది ఫ్యాక్టరీ మాల్ గదా?" అని అడిగిండు.

తర్వాత పంపే దిక్కు చూసిన. యాంటెన్నా తగిలించే జాగల ఒక పెద్ద రెసిస్టర్ తగిలించి, అంటే సెట్టు పంపే బలం గాలిలకు పోకుండ అదే మింగుతది, మోర్స్ టిక్కుటిక్కు కొట్టే కీ నొక్కిన. మూడు వాట్లు చూపించింది. చిన్న టార్చిబల్బు అంత. కానీ ఆ మూడు వాట్లతోనే మా వాళ్లు దేశమంతా మాట్లాడుతరు. ఇదీ మంచిగనే ఉంది.

వినే దిక్కు మాత్రం మూగది. యాంటెన్నా పెట్టి, హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకొని, రెండు చిన్న స్క్రూలు మెల్లగ తిప్పుకుంట పోతే ఒకచోట హోరు లేవాలె. వాన పడ్డట్టు. ఆ హోరు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆపాలె. దాన్నే సరిజేసుడు అంటం. నేను ఒక పక్క నుంచి ఇంకో పక్క దాక తిప్పిన. ఎక్కడా లేవదు. నాలుగు రోజులు చూసిన.

గాలిలున్న సప్పుడు పట్టేవి ఆ ఎర్ర ఉంగరాలే, వాటికాడ తప్పు ఉన్నట్టుంది అక్కా. నూలు కండెలు చుట్టే అలవాటుతోటి బయటి చుట్లు లెక్కపెట్టి ఉంటవు. ఇందుల లెక్క వేరు. తీగ ఉంగరం లోపలి నుంచి ఎన్నిసార్లు పోతే అన్ని చుట్లు. ఇది పెద్దపెద్ద చదువులోళ్లు గూడా చేసే తప్పే, నువ్వు మనసుల పెట్టుకోకు.

క్లబ్బు పెద్ద వెంకటేశం సార్‌కు కబురు పంపిన. రిటైరైన పంతులు, మంచాయన. "అలంకారం బల్ల మీద పెడదాం. డెబ్బై ఏండ్ల చదువురాని అవ్వ కట్టిందని రాసి పెడితే జనం ఫోటోలు దిగుతరు" అన్నడు. వచ్చే ఏడాది పనిచేసే బల్ల మీద పెడదాం. జల్దీ ఏముంది?

మహమూదా మిమ్మల్ని అడిగిందని రాయమన్నది.

మీ మేలు కోరే తమ్ముడు
గులాం నబీ

* * *

సిరిసిల్ల,
నవంబర్ 14, 2024

జల్దీ లేని గులాం నబీకి,

నీ ఉత్తరం శ్రీలత రెండుసార్లు చదివింది. మొదటిసారి నేను విన్న. రెండోసారి నేను లేచి నిలబడి విన్న.

జల్దీ ఏముందంటవా? నాకు డెబ్బై. నీ వెంకటేశం సారే చెప్పిండు గదా.

నా లెక్క తప్పిందంటవు. విను. ఉంగరం లోపలి నుంచి తీగ పోయినప్పుడల్లా ఒక చింతగింజ గిన్నెల వేసిన. పదహారు గింజలు. రెండో ఉంగరానికి మళ్లీ పదహారు. శ్రీలత ఎదురుంగ కూసొని ఉంది, సాక్ష్యం రాస్తది. (రాస్తున్న చిన్న మామయ్యా. పదహారే. – శ్రీలత) పుస్తకంల నువ్వే బొమ్మ గీసినవు గదా, లోపలి నుంచి పోవాలని. బొమ్మ చూసి చెయ్యనీకి చదువెందుకు?

అరవై ఏండ్ల సంది ఈ చెయ్యి చుట్టుకుంటనే ఉంది. మగ్గం ఉన్నప్పుడు చుట్టిన, కరెంటుతోటి నడిచే సాంచాలు అచ్చినంక చుట్టిన. కండె మీద ఒక్క చుట్టు వదులుగ పడితే సాంచల తెగుతది, నేసేటోడు సాంచ ఆపి కండె తెచ్చి నా ముఖాన కొడ్తడు. మా ఆయన రాజేశమే కొట్టిండు ఒకసారి. అది పెండ్లైన కొత్తల. తర్వాత ఎవ్వరికీ కొట్టే పని పెట్టలేదు. నువ్వు మా సందుల పుట్టినోడివి, మీ అబ్బాజాన్ పోగు మోసే నాడెలు చెక్కి ఇస్తే మా సాంచాలు నడిచినయి. నా చుట్టు గురించి నీకు ఒకరు చెప్పాల్నా?

ఇగ అలంకారం బల్ల. నేను బతుకమ్మనా, పేర్చి పెట్టనీకి? జనం ఫోటోలు దిగనీకి నా ముడుతలు చాలు, దానికి సెట్టు ఎందుకు? పలికితే పలికే సెట్ల మధ్యల పెట్టుర్రి. పలకకుంటే తెచ్చి నా ఇంట్ల పెట్టు, నేనే విప్పుకుంట. ముసల్దని జాలితోటి ఓ మూల పెడితే మాత్రం ఊకోను.

శ్రీలత పుస్తకం అంతా తిరగేసి ఒక ముచ్చట అడుగుమన్నది. చెవులకు పెట్టుకునే తీగ కాడ గూడా మీటరు పెట్టొచ్చట, సప్పుడు వస్తే సూది ఊగుతదట. పెట్టి చూసినవా?

ఉంగరాలు ముట్టుకోకు. ఒక్క చుట్టు విప్పినా నాకు తెలుస్తది. ఈ వారంల తేలకుంటే నేనే బస్సెక్కి అస్త.

పదహారంటే పదహారే అనే
సత్తక్క

* * *

కోరుట్ల,
నవంబర్ 20, 2024

సత్తక్కకు,

నలభై రెండేండ్ల సంది ఈ కోరుట్లల రేడియోలు చూస్తున్న. చెవితోటే పట్టిన అన్నీ. మెట్‌పల్లి నుంచి, కథలాపూర్ నుంచి తెచ్చి ఇచ్చేటోళ్లు. దుకాణం ముందట సైకిల్ ఆగంగనే, క్యారియర్ మీద కట్టిన రేడియో గరగర వినే ఏం పోయిందో చెప్పేటోన్ని. మీటరు ఎక్కడ పెట్టాల్నో శ్రీలత నాకు చెప్పేటంత అయిందా?

చుట్లు లెక్కపెట్టిన. పదహారే ఉన్నయి. ఒప్పుకుంటున్న. అయినా ఉంగరం మాల్ ఒక్కొక్కసారి తేడా ఉంటది, అందుకని రెండు చుట్లు విప్పి చూసిన. ఫరక్ లేదు. మూగదే. కొత్త హెడ్‌ఫోన్ తెప్పించిన. దాంట్ల గూడా అంతే.

నువ్వు రాకు. పెండ్లిళ్ల సీజను, మైకుల రిపేర్లు కుప్పలు పడ్డయి, నేను దుకాణంల ఉంటనో ఉండనో. వెంకటేశం సార్ అలంకారం బల్ల లిస్టుల రాసేసిండు. దాంట్ల నామోషీ ఏమీ లేదు.

గులాం నబీ

* * *

సిరిసిల్ల,
నవంబర్ 29, 2024

నన్ను రావొద్దన్న తమ్ముడికి,

అచ్చిన గదా నిన్న. వేములవాడల బస్సు మారి, కథలాపూర్ మీదికెళ్లి. నువ్వు ఇచ్చిన చాయ్ తాగిన, "బస్సు యాళ్లయింది" అని ఏమీ అనకుండ వెళ్లొచ్చిన. ఎందుకు అనలేదో ఇప్పుడు చెప్తున్న. అక్కడ చెప్తే దుకాణంల ఇద్దరు గిరాకీలు ఉండె.

నేను దుకాణం ముందట నిలబడి నిన్ను పిలిచిన. నా నీడ పడ్డంక నువ్వు తల ఎత్తి నవ్వినవ్. "నా సెట్టు ఏది?" అన్న. "లోపల బల్ల మీద ఉంది అక్కా, కూసో" అన్నవ్. "బస్సుల సీటు దొరకలె" అన్న. "అయ్యో, నిలబడి అచ్చినవా" అన్నవ్.

గులాం, నేను సీటు ముచ్చట చెప్పేటప్పుడు గొంతు పెట్టలేదు. ఉత్త పెదవులు కదిలిచ్చిన.

సాంచాల షెడ్డుల మేమందరం అట్లనే గదా మాట్లాడేది. నలభై సాంచాలు కొడుతుంటే గొంతు ఎవనికి వినపడతది? పెదవి చూస్తరు, చెయ్యి చూస్తరు, జవాబిస్తరు. నువ్వు ఏడేండ్ల పోరడివి, మీ అబ్బాజాన్ నాడెలు మోసుకొని షెడ్డుల తిరుగుకుంట మా అందరి పెదవులు చదువుడు నేర్చినవ్. నిన్న ఆ చదువే నిన్ను పట్టిచ్చింది. నాకు అనుమానం ఎక్కడ పుట్టిందంటే, నువ్వు నా కండ్లల్లకు చూస్తలేవు, నోటి మీదికెళ్లి చూపు తీస్తలేవు. మా రాజేశం చెవులు పోయినంక ఆఖరి పదేండ్లు అట్లనే చూసిండు.

మళ్లొకసారి చూద్దామని, నువ్వు అటు తిరిగి ఏదో అతుకుతుంటే గొంతు పెట్టే అన్న: "గులాం, నీ లుంగీకి నిప్పంటుకుంది!" గిరాకీ ఉలిక్కిపడి స్టూల్ మీద నుంచి లేచిండు. నువ్వు అతుకుడు ఆపలేదు.

తర్వాత నువ్వు మధ్యాహ్నం జోహర్ నమాజుకు పోయినవ్. నేను లోపలికి పోయిన. బ్యాటరీ, యాంటెన్నా తగిలిచ్చే ఉండె. చెవులకు పెట్టుకున్న.

ఉంది సప్పుడు. సన్నగ ఉంది, నువ్వు రెండు చుట్లు విప్పినవ్ గాబట్టి. కానీ ఉంది. దూరంగ వడ్లు చెరిగినట్టు. దాని నడుమల ఎక్కడో ఎవరో టిక్కుటిక్కు కొడుతున్నరు, పిట్ట కూసినట్టు, ఆగి మళ్ల కూసినట్టు. అవతల ఎవరో ఉన్నరు గులాం. నేను కట్టిన డబ్బాలకెళ్లి నాకు వినపడ్డరు. ఏడు నెలలు కూసొని కట్టినదాన్ని మొదటిసారి విన్న. నీ బల్ల మీద, నీకు చెప్పకుండ, దొంగతనంగ వినాల్సొచ్చింది.

ఇంట్లకు పోయి మహమూదాతోటి కూసున్న. మీ ఇంట్ల టీవీ సప్పుడు గల్లీ చివర దాక వినపడుతుంది. ఆమె ఏమన్నదో చెప్తున్న, విని సిగ్గుపడు. "రెండేండ్లాయె వదినా, వంటింట్ల నుంచి పిలిస్తే పలకడు. ఎదురుంగ నిలబడితేనే మాట్లాడుతడు. నలభై ఏండ్లు కాపురం చేసినంక నా గొంతు మీద రోత పుట్టింది ఆయనకు" అని కండ్లు తుడుచుకున్నది. నేను నోరు మూసుకున్న. అది నువ్వు చెప్పుకోవాల్సిన ముచ్చట.

చెవి పోవుడు తప్పు కాదు. నీ చెవి తప్పు తీసుకొచ్చి నా చెయ్యి మీద పెట్టుడు తప్పు. నాకు ఉన్నది ఈ చెయ్యి ఒక్కటే. పేరు రాసుకోరాదు, పుస్తకం చదవరాదు, ఎవ్వరన్నా "ఏమొస్తది నీకు" అంటే చెయ్యి చూపిస్త. దాన్ని నువ్వు జగిత్యాల దాక మోసుకపోయి తప్పు లెక్క చెయ్యి అని చాటింపు వేసినవ్.

గాబట్టి నా పంచాయతి గింతే. నా రెండు చుట్లు నాకు మళ్ల చుట్టు. హోరు ఎక్కడ లేస్తదో వినేటోళ్లను పక్కకు కూసోబెట్టుకొని స్క్రూలు సరిజెయ్యి. సెట్టు మంచిగనే ఉండె, తప్పు నాది అని నీ చేతితోటి వెంకటేశం సార్‌కు చీటీ రాయి. ఎనిమిది తారీఖు లోపల. రాయకుంటే నేను జగిత్యాలకు పోయి మైకు పట్టుకుంట, నా గొంతు నీకు తెలుసు.

(మామయ్యా, అత్తమ్మ ఇది చెప్పుకుంట రెండుసార్లు ఆగింది. కోపంతోటి కాదు. ఇది రాయొద్దన్నది, రాసిన. – శ్రీలత)

సత్తక్క

* * *

కోరుట్ల,
డిసెంబర్ 4, 2024

నా తప్పు నా ముందు పెట్టిన సత్తక్కకు,

ఉత్తరం చదివి రెండు రోజులు దుకాణం తెరవలేదు. మొదలు కోపమొచ్చింది. లుంగీ ముచ్చట కాడ నవ్వొచ్చింది. తర్వాత ఏమీ రాలేదు.

నీకు తెల్వనిది ఒకటి చెప్తా. నువ్వు అనుకున్నదానికన్నా నా తప్పు పెద్దది.

శ్రీలత మీటరు ముచ్చట అడిగింది చూడు. నేను అంతకు ముందే పెట్టిన. సెట్టు ముట్టిన మొదటి వారమే. హెడ్‌ఫోన్ తీగల కాడ మీటరు పెట్టి స్క్రూ తిప్పితే సూది లేచింది. ఒక్కచోట బాగా లేచి మళ్ల పడిపోయింది. అంటే సెట్టు పలుకుతుంది, నువ్వు చుట్టిన చుట్లు సరిగ్గ ఉన్నయి. సూది ఊగుతుంటే నా చెవుల ఏమీ లేదు. మీటరు పాడైందని తీసి పక్కన పెట్టిన. పాడు కాలేదని నాకు తెలుసు. తెలిసి గూడా నీకు ఆ ఉత్తరాలు రాసిన. తెలిసే రెండు చుట్లు విప్పిన.

నాలుగేండ్ల సంది తగ్గుకుంట అచ్చింది. ముందుగాల సన్న సప్పుళ్లు పోయినయి, పిట్టలు, ఫోను మోగుడు. తర్వాత ఫోన్ల మాటలు. ఎదురుంగ ఉంటే పెదవి చూసి నెట్టుకొచ్చిన. రేడియో నబీకి చెవుడంటే దుకాణంకు ఎవరొస్తరు? అదొక్కటే కాదక్కా. నాకు గూడా చెప్పుకోనీకి ఈ చెవి ఒక్కటే ఉండె.

మా బీరువాల నీ సెట్టు అసుంటిదే ఇంకోటి ఉంది. రెండేండ్ల కింద నేనే కట్టుకున్న. మూగదని బట్టలు చుట్టి పెట్టేసిన. అది మూగది కాదని ఇప్పుడు అర్థమైతుంది.

నిన్న పొద్దున నీ చుట్లు విప్పిన జాగల కొత్త తీగతోటి పదహారు చుట్టిన. నీ అంత నీటుగ రాలేదు, మూడుసార్లు విప్పిన. తర్వాత మహమూదాను పిలిచి బల్ల కాడ కూసోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టిన. "నాకెందుకిది" అన్నది. "నాకు వినపడదు, నువ్వు విని చెప్పు" అన్న.

ఆమె హెడ్‌ఫోన్ తీసింది. "రెండేండ్లు!" అన్నది. "రెండేండ్లు నేను ఏం పాపం చేసిన్నో అని దువా చేసుకున్న, నువ్వు ఈ మాట చెప్పలేకపోయినవా?" నా భుజం మీద రెండు దెబ్బలు వేసింది, గట్టిగనే. ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకొని, హెడ్‌ఫోన్ పెట్టుకొని, "ఊఁ తిప్పు" అన్నది.

నేను స్క్రూ తిప్పిన, ఆమె ముఖం చూసుకుంట. ఒకచోట ఆమె కండ్లు పెద్దగైనయి, చెయ్యి ఎత్తింది. అక్కడ ఆపిన. రెండో స్క్రూ గూడా అంతే. ఇన్నేండ్లల్ల ఇంత బాగా సరిజేసిన సెట్టు లేదు.

సెట్టు కార్గోల పంపుతున్న. లోపల వెంకటేశం సార్‌కు చీటీ ఉంది, కవరు అంటించలేదు. సెట్టు ఏ తప్పూ లేకుండ ఉండె, నా చెవి పోయింది, దాచుకొని అబద్ధం చెప్పిన అని ఉన్నదున్నట్టు రాసిన. ఆయన ప్రతి చీటీ మైకుల చదువుతడు. చదవనీ. నేను జగిత్యాలకు రాను, ముఖం చెల్లది.

మాఫీ అడిగే అర్హత లేని
గులాం నబీ

* * *

సిరిసిల్ల,
డిసెంబర్ 9, 2024

తమ్ముడు గులాం నబీకి,

నిన్న జగిత్యాలకు పోయి అచ్చినం, నేనూ శ్రీలతా. అక్కడ ఏమైందో ఎవరి నోటనో వినేదానికన్నా నా నోట విను.

హాల్ల రెండు బల్లలు. అలంకారం బల్ల మీద పూలదండ వేసి జాగ ఉంచిన్రు, దాని ముందట కార్డు. శ్రీలత చదివింది: "సత్తవ్వ, 70 ఏండ్లు, నిరక్షరాస్యురాలు." నేను ఆ బల్ల దాటి పోయి, పనిచేసే సెట్లల్ల రెండింటిని ఇటు అటు జరిపి, నడుమల నాది పెట్టిన.

వెంకటేశం సార్ ఉరికొచ్చిండు. "అమ్మా, పరీక్ష చీటీ లేంది ఇక్కడ పెట్టొద్దు. నబీ భాయ్ ఇది మూగదన్నడు గదా. చీటీ తెచ్చినవా?"

నీ చీటీ నా నడుముకాడ రొండిల దోపి ఉంది. అందరు మనుషులు, ఆయన చేతుల మైకు. తీసి ఇస్తే ఒక్క నిమిషంల నా పంచాయతి గెలుస్త. చెయ్యి రొండి దాక పోయింది గూడా.

"చీటీ తర్వాత, ముందుగాల విను" అన్న. బ్యాటరీ, బల్ల మీదున్న యాంటెన్నా తీగ తగిలిచ్చి, హెడ్‌ఫోన్ తీసి ఆయన తలకు పెట్టిన. కాదనేటోడే, కానీ హోరు వినంగనే మైకు బల్ల మీద పెట్టి హెడ్‌ఫోన్ చెవులకు నొక్కుకున్నడు.

కరెంటాఫీసుల పనిచేసే శ్రీశైలం అట, లైసెన్సున్నోడు, ఆయన అచ్చి అక్కడనే మీటర్లు పెట్టిండు. కరెంటు చూసిండు, వాట్లు చూసిండు, వినుడు చూసిండు. తర్వాత మిద్దె మీది యాంటెన్నా తగిలిచ్చి కీ పట్టుకొని కొట్టిండు. రెండుసార్లు ఎవరూ పలకలె. మూడోసారి నాందేడ్ అవతల నుంచి ఒకాయన పలికిండు. ఇవతల మూడు వాట్లే అంటే ఆయన నమ్మలేదట, ఏ కంపెనీ సెట్టని అడిగిండట. "సత్తవ్వ, సిరిసిల్ల" అని శ్రీశైలం కొట్టిండు. పక్కన నిలబడి నా పేరు పోవుడు విన్న. పొడుగ్గనే ఉంది నా పేరు.

శ్రీశైలమే చీటీ రాసి సంతకం పెట్టిండు. వెంకటేశం సార్ వదలలేదు, "మరి నబీ భాయ్ మూగదని ఎందుకన్నడు?" అన్నడు.

"అప్పుడు రెండు చుట్లు తక్కువుండె, ఇప్పుడు పదహారున్నయి" అన్న.

"ఎవరు తక్కువ చుట్టిన్రు?"

"నేను చుట్టినప్పుడు పదహారు. పరీక్షల రెండు విప్పిన్రు, మళ్ల చుట్టిన్రు. పంతులువి, లెక్క అర్థం కాలేదా?" అన్న. చుట్టూరున్నోళ్లు నవ్విన్రు, ఆయనా నవ్విండు.

ఇగ కార్డు కాడ లొల్లి. ఆ పాత కార్డే తెచ్చి సెట్టు ముందట పెట్టబోయిండు. పట్టుకున్న. "పక్క సెట్టు కట్టినాయన వయసు రాసినవా? ఆయన ఏం చదివిండో రాసినవా? మరి నాది ఎందుకు?" అన్న. "అమ్మా, అది మీ గొప్పతనం గదా" అన్నడు. "నా గొప్పతనం డబ్బాల ఉంది, కార్డుల పేరు చాలు" అన్న. కొత్త కార్డు రాయించిన. కట్టింది సత్తవ్వ. సరిజేసింది గులాం నబీ, మహమూదా బేగం. మూడు పేర్లు. మహమూదా పేరు రాయాల్నా అని అడిగిండు. వినకుండ ఎట్ల సరిజేస్తరో నువ్వు చెప్పు సారూ అన్న.

నీ చీటీ ఎవ్వరికీ చూపియ్యలేదు. జాలితోటి అనుకునేవు, జాలి లేదు గీలి లేదు, నీ మీద కోపం ఇంకా ఉంది. సూది ఊగుడు చూసి గూడా నా చుట్లు విప్పినవ్ చూడు, అది ఇంకో ఏడాది తిడ్త. కానీ నా చెయ్యి మంచిదని చెప్పనీకి నీ చీటీ అక్కరకు రాలె. సెట్టు పలికింది, గంతే. నీ చెవి ముచ్చట నీది. ఎవరికి ఎప్పుడు చెప్పుకుంటవో నువ్వే చెప్పుకో. చీటీ ఇందులనే పెట్టి పంపుతున్న, దాచుకుంటవో చింపుకుంటవో నీ ఇష్టం.

కరీంనగర్ పోయి చెవి చూపించుకో, మహమూదాను తోలుకొని పో. మెషీన్ పెట్టుకోమంటే పెట్టుకో. రేడియోలల్లనే బతికినోడివి, చెవిల చిన్న డబ్బా పెట్టుకోనీకి సిగ్గేంది?

బీరువాలున్న నీ సెట్టు బట్టలు ఇప్పి, శుక్రవారం నమాజైనంక ఇద్దరూ బయలుదేరి రార్రి. నేను వింట, నువ్వు తిప్పు. ఎన్ని చుట్లు చుట్టినవో గూడా లెక్కపెడ్త. తప్పుంటే నీ ముఖం మీదనే చెప్త, జగిత్యాలకు కబురు పంప.

జొన్నరొట్టెలు చేయించి పెట్టే, తిట్లు గూడా సిద్ధంగ పెట్టే
సత్తక్క